ఆదివారం ఎవరూ రాలేదు

జూన్ 3

అత్తా,

నేను క్షేమం. ఉత్తరంలో మొదటి మాట ఇది కాకపోతే మిగతాది చదవనన్నావు కాబట్టి ముందు ఇదే రాశాను.

ఫోన్‌లో నా గొంతు వింటే నాన్న అన్నం ముట్టడం లేదు కాబట్టి ఇకమీదట ఉత్తరాలే అన్న నీ ఏర్పాటు బాగానే ఉంది. నీకు అక్షరాలు దిద్దించిన రోజుల్లో వంకరగా రాస్తే పలక తుడిచేసేదాన్ని. ఆ కోపం ఇప్పుడు తీర్చుకోకు. పెద్ద ఉత్తరాలు రాయి.

గది మూడో అంతస్తులో దొరికింది. కిటికీ తెరిస్తే ఎదుటి మేడ గోడ, ఆ గోడకి ఒక కిటికీ, అందులో నాలాగే గాలికోసం నిలబడ్డ ఒకాయన. ఒకరినొకరు చూసి ఇద్దరం ఒకేసారి తలుపులు మూసుకుంటాం. ఇద్దరికీ గాలి లేదు.

నేను గిన్నెలు చేసే కంపెనీలో చేరానని నువ్వు వీధంతా చెప్పావట. అబద్ధమేం కాదు. కాకపోతే ఆ గిన్నెల్లో వండరు, తినరు. మనిషి కాలేయంలోంచి తీసిన కణాల్ని వాటిలో పెంచుతారు. చదునైన పళ్లెంలో పెంచితే అవి పలచగా పరుచుకుని బతుకుతాయి గానీ కొన్నాళ్లకి తామెవరో మరిచిపోతాయి. కాలేయం చేయాల్సిన పనులు మానేస్తాయి. అదే చుట్టూ, పైనా కిందా తోటి కణాలు ఆనుకునేలా చిన్న ఉండలా చేసి పెంచితే ఒంట్లో ఉన్నట్టే నడుచుకుంటాయి. ఆవగింజలో సగం ఉంటుంది ఒక్కో ఉండ. కొత్త మందుని మనుషుల కన్నా ముందు ఈ ఉండలకి ఇచ్చి చూస్తారు.

ఉండ ఒక ద్రవంలో ఉంటుంది. దాని తిండీ, నీళ్లూ అదే. రోజూ పాత ద్రవం సగం తీసి, కొత్తది సగం పోయాలి. సగమే. ఉండలు తమకి కావలసినవి కొన్ని తామే ఆ పాత ద్రవంలోకి వదులుకుంటాయి కాబట్టి, అంతా తీసేస్తే వాటి ఇల్లు తీసేసినట్టే. చిక్కు ఏమిటంటే, తీసేటప్పుడు ద్రవంతోపాటు ఉండ కూడా పీల్చే గొట్టంలోకి వెళ్లిపోతుంది.

ఇన్నాళ్లూ ఈ పని చేతితో చేస్తున్నది పెద్దక్క. ఇక్కడ అందరూ, ఆవిడకన్నా పెద్దవాళ్లు కూడా, అలాగే పిలుస్తారు. వరసగా గుంటలున్న గిన్నెనే ఇక్కడ ప్లేటంటారు. ఆ ప్లేటు ఒక అంచు కింద కాగితం మడతపెట్టి వాలుగా పెడుతుంది. ఉండలన్నీ ఒక పక్కకి జారతాయి. ఊపిరి బిగబట్టి రెండో పక్క నుంచి తీస్తుంది. ఒక్క ఉండ పోదు. ఇప్పుడు ఇదే పని ఒక యంత్రం చేత చేయించాలట. యంత్రానికి ఊపిరి లేదు కాబట్టి బిగబట్టలేదు. అందుకని దానికి తగిన ప్లేటు నేను గీయాలి. ఆగస్టు ఆఖరుకి ప్లేటు కుదిరితే నా ఉద్యోగం ఖాయం. కుదరకపోతే ప్లేటుతోపాటు నేనూ ఇంటికే.

ఆసుపత్రిలో నాన్నని చూసుకున్న నర్సమ్మ ఇళ్లకి కూడా వస్తుందట. నాలుగు రోజులు ఆవిడని పెట్టి నువ్వు ఒకసారి ఇక్కడికి రాకూడదూ? నాన్న పడిపోయిన దగ్గర్నుంచి నువ్వు వీధి చివర దాటలేదు.

నీ మేనకోడలు


జూన్ 11

పంతులమ్మా,

మేం క్షేమం. మీ నాన్న క్షేమం అంటే పొద్దున స్నానం, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం కుర్చీలో కూర్చోబెట్టడం. మాటలు అవే మూడు. "ఊఁ", "వద్దు", "ఏదీ". నేను వంటింట్లోకి వెళ్తే "ఏదీ" అంటాడు. వచ్చి ఎదురుగా నిలబడితే "వద్దు" అంటాడు. ఇంక నేనెక్కడ నిలబడాలి?

ఎడం చేత్తో చెంచా పట్టుకోవచ్చని డాక్టరు అన్నాడు. పట్టుకోడు. నేను ముద్ద మెత్తగా కలిపి నోట్లో పెడితేనే మింగుతాడు. ఇంకొకరు పెడితే పళ్లు బిగిస్తాడు. అందుకని ఆ నర్సమ్మ మాట కట్టిపెట్టు. ఎవరైనా నీకేమైనా చెప్పారా? ఎవరు?

నీ ఉత్తరం ఎదురింటి టైలరుకి చదివి వినిపించా. "ఆవగింజలో సగానికి గిన్నెందుకమ్మా, చెంచా చాలదా" అన్నాడు. చదువుకున్నోళ్లకైతే అర్థమవుద్దిలే అన్నా. నాకూ అర్థం కాలేదు, అది వాడికి చెప్పలేదు.

ఒకటి మాత్రం అర్థమైంది. ఆ పెద్దక్క ఊపిరి బిగబట్టి చక్కగా చేస్తోంది. ఒక్కటి కూడా పోవట్లేదు. మరి నీ గిన్నె వస్తే ఆవిడెక్కడికి పోవాలి? మన ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి పిల్లవి నువ్వు. ఒకరి పొట్ట కొట్టడానికా నిన్ను చదివించింది? చేత్తో అయ్యే పనికి యంత్రం ఎందుకే? రేపు మనుషులకి కూడా యంత్రంతో తినిపిస్తారా?

కిటికీ ఆయన సంగతి. ఆయన మూసేదాకా నువ్వు మూయకు. గాలి నీకూ కావాలి.

మీ అత్త


జూన్ 19

అత్తా,

క్షేమం. ఆ కిటికీ ఆయన కూడా ఎవరో అత్త చెప్పినట్టే మూయకుండా నిలబడుతున్నాడు. ప్రస్తుతానికి ఇద్దరికీ గాలి ఉంది, కాస్త ఇబ్బందిగా ఉంది.

నా మొదటి ప్లేటు పోయింది. పెద్దక్క కాగితం మడత చూసి, ప్లేటులో ప్రతి గుంటకీ అడుగే వాలుగా ఉండేలా గీశాను. చూడ్డానికి చాలా తెలివైనదిగా ఉంది. ఉండలన్నీ బుద్ధిగా పల్లానికి జారాయి. జారి, ఏ గుంటలోవి ఆ గుంట పల్లంలో ఒకదానికొకటి అతుక్కుని అన్నీ కలిసి ఒకటే పెద్ద ఉండ అయి కూర్చున్నాయి. పెద్దక్క మైక్రోస్కోపులో చూసి, "నేను పనయ్యాక కాగితం తీసేస్తానమ్మా. నువ్వు తియ్యలేదు" అంది. తీయడానికి అది కాగితం కాదు, ప్లేటు అడుగు.

నువ్వు అడిగిన మాట నాకు మనసులో గుచ్చుకుని, ఆవిడనే అడిగేశాను.

"అక్కా, ఈ ప్లేటు కుదిరితే మీకు కష్టం కాదూ?"

"కష్టమా! ఆదివారమని ఒకటుందని క్యాలెండర్లో చూడ్డమే గానీ నాకు తెలీదు. ఇవి ఆదివారమైనా తాగుతాయి. నాకు జ్వరమొచ్చినా తాగుతాయి. నా కూతురికి పాప పుట్టి పాకుతోందట. ఫొటోలు పంపింది. ఫొటోలో పాకదు కదా! తొందరగా చెయ్యవే తల్లీ."

ఆవిడ ఉద్యోగం ఎక్కడికీ పోదు. పొద్దున ఉండలన్నిటినీ చూసి ఏది బాగుందో ఏది లేదో చెప్పేది ఇకమీదట కూడా ఆవిడే. నువ్వు బెంగపెట్టుకోనక్కర్లేదు.

నర్సమ్మ గురించి నాకెవరూ ఏమీ చెప్పలేదు. నేనే ఆలోచించాను. నాన్న నీ ఒక్క చేతిమీదే ఆధారపడి ఉన్నాడు. నీకు జ్వరం వస్తే ఏం చేస్తాడు? ఏ పనైనా ఒకే ఒక్క చెయ్యి ఉంటేనే జరుగుతోందంటే దాన్ని మా దగ్గర లోపం అంటారు. లోపం ఎక్కడుందో ముందే తెలుసుకుంటే సరిచేయడం తేలిక. పెద్దక్క సంగతిలాగే నీ సంగతీ చెబుతున్నాను, అంతే.

నీ మేనకోడలు


జూన్ 28

పంతులమ్మకి,

నా చెయ్యి లోపమని మీ దగ్గర అంటారని తెలిసింది. సంతోషం.

మీ అమ్మ పోయిన రోజు నుంచి నీకు జడ వేసింది ఈ లోపమే. నిన్ను బడికి పంపాలని మీ నాన్నతో నెలంతా మాట్లాడకుండా కూర్చున్నది కూడా ఇదే.

మీ నాన్న తిన్నాడు. నా చేతితోనే.

ఎవరో ఏదో చెప్పారు. ఆ టైలరేనా?

అత్త


జూలై 6

అత్తా,

తప్పయిపోయింది. ఆఫీసులో ఆ మాట రోజూ వాడి వాడి దానికి పదునుందన్న సంగతి మరిచిపోయాను. టైలరుకి నా అడ్రసు కూడా తెలియదు, ఆయన్ని వదిలెయ్యి. నర్సమ్మ ప్రస్తావన ఇక తీసుకురాను.

నీ కోపం తగ్గేదాకా నా పని గురించే రాస్తాను. దాని మీద నీకు ఎలాగూ కోపమే కాబట్టి కొత్తగా పెరిగేదేం లేదు.

రెండో ప్లేటు కుదిరింది. కుదిరిందనే అనుకుంటున్నాను. ఈసారి ఉండ ఉన్న గుంట పక్కనే ఇంకో చిన్న గుంట పెట్టాను. రెంటికీ మధ్య ఒక గడప. ఉండ పెద్ద గుంట అడుగున ఉంటుంది. యంత్రం గొట్టం ఎప్పుడూ పక్క గుంటలోనే దిగుతుంది, పోసినా తీసినా అక్కడే. ద్రవం గడప దాటుతుంది, ఉండ దాటదు. ఇంకో లాభం కూడా ఉంది. గడప కన్నా కింద ఉన్న పాత ద్రవాన్ని యంత్రం ఎంత పీల్చినా తీయలేదు. సగం తీయమంటే సగమే తీస్తుంది, ఎక్కువ తీద్దామన్నా దానికి చేతకాదు. యంత్రానికి చేతకాకుండా చేయడమే ఇక్కడ నా చదువు.

సోమవారం నుంచి శనివారం దాకా ఒక్క ఉండ పోలేదు, ఒక్కటీ చెదరలేదు. నేనూ పెద్దక్కా యంత్రం పక్కనే స్టూళ్ల మీద కూర్చుని, పరీక్ష హాలు బయట తల్లుల్లా చూశాం. అది గొట్టం దించినప్పుడల్లా పెద్దక్క ఊపిరి బిగబట్టింది. దాని తరఫున.

కానీ ఆదివారం వదిలేసి సోమవారం వచ్చి చూస్తే ఉండలు అంచుల్లో విడిపోయి, తడిసిన మట్టిబెడ్డల్లా ఉన్నాయి. మరుసటి ఆదివారం కూడా అంతే. కరెంటు చూశాను, వేడి చూశాను, యంత్రం లెక్కలు చూశాను. ఆదివారం కూడా అది మిగతా రోజుల్లాగే సరిగ్గా పోసింది, సరిగ్గా తీసింది. వాచ్‌మన్‌ని అడిగాను. "ఆదివారం ఎవరూ రాలేదమ్మా" అన్నాడు.

మేనేజరుగారు ప్లేటు వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, "ఇది ఆరు రోజుల గిన్నె. మనకి ఏడు రోజులది కావాలి" అన్నారు. ఆయన కోపంగా అనలేదు, అదే భయంగా ఉంది. నెలాఖరులోగా కారణం చెప్పలేకపోతే పని ఆపేయమంటారు.

పెద్దక్కకి ఆదివారాలు ఖాళీ ఇచ్చేశారు. కూతురి దగ్గరికి వెళ్లండి అంటే, "నీ గిన్నె కుదరనీ, వెళ్తా" అంటోంది. సోమవారం ఆ ఉండల్ని చూసినప్పుడు నాకన్నా ఆవిడే ఎక్కువ ఏడ్చింది. పాపం, నాకోసమే ఎదురుచూస్తోంది.

నీ మేనకోడలు


జూలై 15

పంతులమ్మా,

క్షేమం. తప్పయిపోయిందన్నావు కాబట్టి సరే. టైలరు వారం నుంచి నేను ఎందుకు పలకరించట్లేదో తెలీక కొత్త జాకెట్టు ఊరికే కుట్టిచ్చాడు. తీసుకున్నా. ఇప్పుడు పలకరిస్తున్నా.

నువ్వు నోరు మూసుకుంటానని రాశావు. నువ్వు మూసుకోవు, నాకు తెలుసు. అందుకని నేనే మూయించాలని ఆ నర్సమ్మని ఒక పూట పిలిచా. చూద్దాం, మీ నాన్న నోరెలా తెరిపిస్తుందో అని.

వచ్చింది. తెల్ల చెప్పులు. ఇల్లంతా ఒకసారి చూసి, "మీరు బయటికి వెళ్లండమ్మా, మీరుంటే ఆయన మీకేసే చూస్తారు" అంది. నా ఇంట్లోంచి నన్నే! ఎదురింటి టైలరు అరుగుమీద కూచుని మన గుమ్మంకేసి చూస్తూ ఉన్నా. ఒక్క కేక వినపడితే పరిగెత్తుకొద్దామని చెప్పులు కూడా విడవలేదు. కేక లేదు, ఏమీ లేదు. "ఏదీ" అన్న మాట కూడా వినపడలేదు.

కాసేపటికి బయటికొచ్చి, "గిన్నె ఖాళీ చేశారమ్మా" అని వెళ్లిపోయింది. నేనెలా నమ్ముతానే? ఎవరి చేతా తిననివాడు ఆ చెప్పులావిడ చేత గిన్నెడు తిన్నాడంటే? గిన్నె చూపించింది. ఖాళీ గిన్నె ఎవరైనా చూపిస్తారు. వీడు ఆకలితో పడుంటే నాకు ప్రాణం ఒప్పుతుందా! గబగబా ఇంకో గిన్నె అన్నం కలిపి నా చేత్తో పెట్టా. మొదట "వద్దు" అన్నాడు. వాడెప్పుడూ అంటాడు. పెట్టేశా.

సాయంత్రం మొత్తం కక్కేశాడు. కడుపు ఉబ్బి ఒకటే మూలుగు. దుప్పట్లన్నీ ఉతికి ఆరేసి ఇది రాస్తున్నా. చూశావా మరి? పరాయి చెయ్యి పడలేదు. ఇంక ఆవిడ మాట ఎత్తకు.

నీ ఉండలు ఆదివారం చావడం ఏంటి? అక్కడ కూడా ఎవరో చూసుకోవట్లేదు. యంత్రాన్ని నమ్మితే అంతే.

మీ అత్త


జూలై 21

అత్తా,

క్షేమం. నాన్న కడుపు తేరుకుందా? ముందు అది రాయి.

నీ ఉత్తరం భోజనం గదిలో చదువుకున్నాను. చదివి, డబ్బా మూతపెట్టి, నేరుగా పెద్దక్క దగ్గరికి వెళ్లాను. ఆవిడ గ్లవ్స్ తొడుక్కుంటోంది.

"అక్కా, ఆదివారం మీరు ఇక్కడికి వస్తున్నారా?"

"ఎందుకొస్తానమ్మా, సెలవు కదా" అంది. కాసేపాగి, "పక్క సందులో పనుండి ఓసారి ఇలా..." అంది. ఇంకాసేపాగి, "చూసి పోదామని" అంది.

"చూసి?"

"చూస్తే నీళ్లు మారినట్టు అనిపించలేదు. యంత్రం పోసిందో లేదో నాకెలా తెలుస్తుంది? ఎవరూ లేరు. అవి అలా ఎదురుచూస్తున్నట్టున్నాయి. సగమే తీశానే! సగం తీసి సగం పోశా. ఎన్నేళ్లుగా చేస్తున్నా, నాకు సగం తెలీదా?"

సగమే తీసింది. యంత్రం అప్పటికే ఒక సగం తీసింది. మిగిలినదాంట్లో ఆవిడ మళ్లీ సగం. అదీ పక్క గుంటలోంచి కాదు, అలవాటుగా ఉండ ఉన్న గుంటలోంచే, గడప కింద నేను యంత్రానికి అందకుండా దాచిన పాత ద్రవంలోంచి. ఉండల్ని యంత్రం నుంచి కాపాడటానికే ఆ ప్లేటు గీశాను. పెద్దక్క నుంచి కాపాడాలని నాకు తోచలేదు.

వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి మళ్లీ అడిగాను. "ఆదివారం ఎవరూ రాలేదన్నారు కదా?" "రాలేదమ్మా." "పెద్దక్క?" "ఆవిడ రావడమేంటి, ఆవిడ ఎప్పుడూ ఉండేదే కదా" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు.

ఇప్పుడు నా ఇబ్బంది చెబుతాను. నెలాఖరుకి మేనేజరుగారికి కారణం రాసివ్వాలి. నిజం రాస్తే, సెలవు రోజున చెప్పకుండా ప్రయోగంలో చెయ్యి పెట్టినందుకు ఆవిడకి మాట వస్తుంది. రాయకపోతే ప్లేటు పోతుంది, నేను పోతాను, ఆవిడ ఆదివారాలు పోతాయి. ఆవిడ అలా కావాలని చేయలేదు. కన్నపిల్లలకన్నా ఎక్కువ చూసింది వాటిని. అదే వాటికి ఎక్కువైంది. ఈ ముక్క ఆవిడకి ఏ మాటల్లో చెప్పాలో తెలియక ఇంకా చెప్పలేదు. "యంత్రం సరిగ్గానే పోస్తోందక్కా" అని మాత్రం అన్నాను. ఆవిడ గ్లవ్స్ తీసేసి చేతులు కడుక్కోడానికి వెళ్లింది. చాలాసేపు కడుక్కుంది.

నువ్వు చెప్పు. నీకు ఎవరైనా ఇలాంటిది చెప్పాల్సి వస్తే ఎలా చెబితే కోపం రాదు?

నీ మేనకోడలు


జూలై 28

పంతులమ్మా,

మీ నాన్న కడుపు మర్నాటికే బాగైంది.

ఎలా చెబితే కోపం రాదు అని అడిగావు. ఎలా చెప్పినా వస్తుంది. చెప్పెయ్యి.

ఉత్తరమంతా పెద్దక్క గురించే రాశావు. నా గురించి ఒక్క ముక్క లేదు. అయినా చదవడం నువ్వు నేర్పిందే కదా. రెండుసార్లు చదివా.

నర్సమ్మకి కబురు పెట్టా. ఆ రోజు అన్నం తప్పు నీది కాదని చెప్పా. "నాకు తెలుసమ్మా, చాలా ఇళ్లల్లో అంతే" అంది. చాలా ఇళ్లల్లో అంట. నేనొక్కదాన్నే అనుకున్నా.

ఆవిణ్ని ఆదివారం రమ్మన్నా. నేను టైలరు అరుగుమీద కాదు, బజారుకి పోతా. బజారులో నాకేం పనిలేదు.

మీ అత్త


ఆగస్టు 14

అత్తా,

క్షేమం. నువ్వు చెప్పినట్టు చెప్పేశాను. కోపం వచ్చింది. ఒక రోజంతా నాతో మాట్లాడలేదు. రెండో రోజు వచ్చి, "ఆ కాగితంలో నా సంగతి రాయి. పెద్దక్క అని కాదు, అసలు పేరు రాయి. స్పెల్లింగు తప్పు పోకుండా" అంది.

రాశాను. మేనేజరుగారు చదివి, కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివారు. ఆవిణ్ని పిలిచి ఒక్క మాట అనలేదు. యంత్రం ఉన్న గది తలుపుకి "యంత్రం పోసిన రోజున చేత్తో పోయరాదు" అని అచ్చువేసి అంటించారు. ఆ కాగితం పక్కనే ఉన్న మేకుకి పెద్దక్క రోజూ కోటు తగిలిస్తుంది. కాగితం కనపడకుండా.

నాకు ఇంకో ఆదివారం ఇవ్వమని అడిగాను. "దాంట్లో ఏం మారుతుంది?" అన్నారు. "పెద్దక్క ఊళ్లో ఉండదు" అన్నాను. ఇచ్చారు.

శనివారం నేనే స్టేషనుకి తీసుకెళ్లి రైలెక్కించాను. కిటికీలోంచి, "యంత్రం గది తలుపు సరిగ్గా పడిందో లేదో చూడు" అంది. రైలు కదిలాక ఫోన్ చేసి, ఉండల దగ్గర వేడి ఎంత ఉందో చూడమంది. కూతురింటి నుంచి ఫోన్ చేసింది. వెనకాల పాప ఏడుస్తోంది. "పాప ఎలా ఉందక్కా?" అంటే, "పాప బాగానే ఉంది, అవెలా ఉన్నాయి?" అంది. నేను చూడ్డానికి వెళ్లలేదని చెప్పాను. నిజంగానే వెళ్లలేదు. ఆదివారమంతా గదిలో కూర్చుని నా చేతులు నేను పట్టుకున్నాను. నాకూ చూడాలనిపించింది అత్తా. అప్పటిదాకా పెద్దక్క మీద నాకు కొంచెం కోపం ఉండేది. ఆ రోజు పోయింది.

సోమవారం ఉండలన్నీ గుండ్రంగా, అంచు చెదరకుండా ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. మేనేజరుగారు నాతో చెయ్యి కలిపారు. నా ఉద్యోగం ఖాయమైంది. ఇది ఉత్తరం మొదట్లోనే రాయాల్సింది. ఎందుకో ఇక్కడికి వచ్చింది.

ఎందుకంటే పెద్దక్క మంగళవారం తిరిగొచ్చి మైక్రోస్కోపు దగ్గర చాలాసేపు కూర్చుంది. ప్లేటు జరిపి జరిపి చూసింది.

"ఒక్కటి కూడా పోలేదా?"

"లేదక్కా."

"చిన్నది, ఆ మూలది, అదెప్పుడూ నీరసంగా ఉంటుంది. అది కూడానా?"

"అది కూడా బాగుందక్కా."

"మంచిదే కదా" అని లేచింది. ఆ రోజు నాతో కలిసి భోజనం చేయలేదు. ఆవిడకి కావలసిందే జరిగింది. నేను చేయాల్సిందే చేశాను. ఇద్దరం ఎందుకు అంత దిగులుగా ఉన్నామో నాకు తెలియలేదు.

నర్సమ్మ రెండు ఆదివారాలు వచ్చిందని టైలరు ఫోన్ చేసి చెబితే తెలిసింది. నువ్వు రాయలేదు. నేను అడగను. నీకు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా. కిటికీ దగ్గర నీకు కుర్చీ వేశాను.

నీ మేనకోడలు


సెప్టెంబర్ 9

పంతులమ్మా,

క్షేమంగా ఇల్లు చేరా. బస్సులో పక్కావిడ నిద్రపోయి దారంతా నా భుజం మీదే పడింది.

నీ గది బాగుంది. ఎదురు కిటికీ ఆయన నన్ను చూసి మూసేశాడు. నేను మూయలేదు. మీ ఆఫీసు గేటు లోపలికి రానివ్వకపోయినా, నువ్వు బయటికి తెచ్చి చూపించిన ఆ ప్లేటు చూశా. ఆ గడప వేలితో తడిమితే తగిలింది. మంచి పని చేశావు. అక్కడ అందరిముందూ అనలేదు, ఇక్కడ అంటున్నా.

పెద్దక్క నేననుకున్నంత పెద్దదేం కాదు. ఇద్దరం మీ గేటు బయట బెంచీ మీద కూచున్నాం, నువ్వు టీ తేవడానికి పోయినప్పుడు. "మీ తమ్ముడుగారు తింటున్నారా" అంది ఆవిడ. "తింటున్నాడట" అన్నా. "అవీ అంతే" అంది. నువ్వొచ్చి ఎందుకు నవ్వుతున్నారని అడిగావు కదా. ఇందుకే.

ఇప్పుడు ఇక్కడి సంగతి. గుమ్మంలో సంచీ దించి లోపలికి పోయా. కుర్చీలో కూచున్నాడు, తల దువ్వి ఉంది. ఎడం చేత్తో చెంచా పట్టుకుని తింటున్నాడు. చొక్కా మీద కాస్త, నేల మీద కాస్త పడుతోంది. నర్సమ్మ దూరంగా కూచుని పేపరు చదువుకుంటోంది, అసలు చూడట్లేదు కూడా. నన్ను చూశాడు. మూడు మాటలు తప్ప రానివాడు, ఎంత స్పష్టంగా అన్నాడో తెలుసా.

"అప్పుడే వచ్చేశావా?"

రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. అన్నం పెట్టా, స్నానం చేయించా, మాట్లాడలేదు. మూడో రోజు చెంచా వాడి చేతికిచ్చి నేను కూడా పేపరు పట్టుకు కూచున్నా. అక్షరాలు కనపడలేదనుకో. వాడు తిన్నాడు. చొక్కా ఉతకాల్సొచ్చింది, అంతే.

నర్సమ్మని ఇకనుంచి ప్రతి ఆదివారం రమ్మన్నా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. నేనింట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు, అందుకని బయటికి పొమ్మంటోంది. పోయినాదివారం బజారంతా రెండుసార్లు తిరిగా. టైలరు అరుగు కూడా చూసేశా. ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు.

ఆదివారం పూట మనుషులు ఏం చేస్తారో కనుక్కుని రాయి. మీ పెద్దక్కని అడక్కు. ఆవిడకీ తెలీదట.

మీ అత్త